బయట మోత, లోపల హోరు

ప్రశ్న: కారుకు కొత్త సైలెన్సర్ బిగించాక నకిరేకల్ దాటి ఒకే వేగంతో వెళ్తుంటే లోపల హోరు. తల దిమ్మెక్కుతోంది. తగ్గించేదెలా?
– ఓ పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఊళ్లో తిరిగినంతసేపూ ఈ బాధ తెలియదు. విజయవాడ హైవేపైనో, జడ్చర్ల మీదుగా కర్నూలు వెళ్లే 44వ నంబరు రహదారిపైనో గంటలకొద్దీ ఇంజన్ ఒకే ఆర్‌పీఎంలో నడిచినప్పుడే బయటపడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ 2,400 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 80 సార్లు ఇంధనాన్ని పేలుస్తుంది. ఆ 80 హెర్ట్జ్ మోతకు క్యాబిన్‌లోని గాలి కూడా ఊగితే హోరు రెట్టింపైనట్టు ఉంటుంది. గొట్టం సూటిగా సాగే సైలెన్సర్లలోని గాజు ఉన్ని సన్నని శబ్దాలను మింగుతుంది కానీ, ఇంత లోతైన మోతను ఆపలేదు.

ముందు కారును లిఫ్ట్ ఎక్కించి చూడాలి. గొట్టం బాడీకి తగులుతోందా, రబ్బరు హ్యాంగర్లు సాగాయా, జాయింట్ల దగ్గర లీకు ఉందా? లీకును తేలిగ్గా తీసుకోకూడదు. కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తే ప్రాణాలకే ముప్పు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, హోరు వచ్చే ఆర్‌పీఎంకు సరిపడే పొడవుతో, ఒక చివర మూసిన పక్క గొట్టం వెల్డింగ్ చేయిస్తారు. 80 హెర్ట్జ్‌కు అది మీటరు పైనే ఉండాలి. చాలా చిన్న కార్ల కింద అంత చోటుండదు. నేల మీద పరిచే మ్యాట్లతో పెద్ద ఫలితం ఉండదు.

చట్టం సంగతీ ఉంది. శబ్ద ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. అందుకే కంపెనీ సైలెన్సర్‌ను తిరిగి బిగించుకోవడమే చవకైన, సురక్షితమైన దారి.