కార్బన్ క్రెడిట్లు: అమ్మే ముందు వేసుకోవలసిన లెక్క

ఉరవకొండ చుట్టుపక్కల గాలిమరలు చూడని వాళ్లు మనలో లేరు. వాటి నుండి కరెంటే కాక కార్బన్ క్రెడిట్ అనే సరుకు కూడా పుడుతుందని పి.జి.కి వచ్చేదాకా మాకు తెలియదు.

ఒక టన్ను బొగ్గుపులుసు వాయువును గాలిలోకి పోకుండా ఆపితే ఒక క్రెడిట్. 1997 నాటి క్యోటో ఒప్పందం ప్రకారం ధనిక దేశాలు తమ పొగ తగ్గించుకోవలసి ఉండేది. కొంతమేర మనలాంటి దేశాల్లో తగ్గిన పొగను కొనుక్కొని లెక్క చూపుకొనే వీలుండేది.

2003లో ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గిరిజన మహిళలు 147 టన్నుల తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. పదేళ్లపాటు డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే తగ్గే పొగ అది. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. అయినా దారి చూపింది వాళ్లే.

మనకు ఇంకా దగ్గరిది బాగేపల్లి. కర్ణాటకలో ఉన్నా అక్కడ వినబడేది మన తెలుగే, కరువూ మన కరువే. అక్కడి కూలీ సంఘం 5,500 ఇళ్ల గోబర్ గ్యాస్ పథకాన్ని 2005 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి వద్ద నమోదు చేయించింది. కట్టెలు, కిరోసిన్ తగ్గినందుకు ఇంటికి ఏడాదికి సుమారు మూడున్నర టన్నుల లెక్క. ఒక్క ఇల్లు ఈ పని చేయలేదు. పథకం లేకపోతే ఆ ఇంట్లో ఏం కాలేదో రుజువు చేయాలి, ప్రతి ప్లాంటూ నడుస్తోందా అని చూడాలి, బయటి తనిఖీదారుకు ఫీజు కట్టాలి. ఇళ్లన్నీ ఒక సంఘంగా ఉంటేనే ఆ ఖర్చు మోయగలం. ధర సంగతి వేరు. యూరప్‌లో గిరాకీ పడిపోయి 2012 చివరికి టన్ను ధర ఒక యూరో కన్నా దిగువకు వచ్చింది. చెనక్కాయల ధర పడిపోవడం చూసిన మనకు ఇది వింత కాదు.

2015 పారిస్ ఒప్పందంతో లెక్క మారింది. ఇప్పుడు మన దేశానికీ లక్ష్యం ఉంది. ఆ ఒప్పందం కింద విదేశానికి అమ్మిన టన్నును మన ఖాతాలో రాసుకోకూడదు. విత్తనానికి కాయలు తీసిపెట్టుకోకుండా అన్నీ మండీకి తోలితే వానలు పడ్డాక ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. తేలికగా, చౌకగా తగ్గేవి అమ్మేస్తే మన లక్ష్యానికి ఖరీదైనవే మిగులుతాయి. అందుకే 2023 ఫిబ్రవరిలో కేంద్రం అమ్మదగినవంటూ 13 రకాల పనుల జాబితా ఇచ్చింది. సముద్రంలోని గాలిమరలు, గ్రీన్ హైడ్రోజన్ వంటివి అందులో ఉన్నాయి. మన కొండల మీది మామూలు గాలిమరలు లేవు. ఇది సరైన నిర్ణయమే అని మా అభిప్రాయం.

ఇక ఊళ్లలోకి వచ్చేది చెట్ల పథకం. మెట్ట పొలంలో మొక్కలు నాటండి, క్రెడిట్ డబ్బు వస్తుంది అని ఎవరైనా కాగితం తెస్తే క్రెడిట్ ఎవరి పేరున ఉంది, ఎన్నేళ్ల ఒప్పందం, కొలత ఖర్చు ఎవరిది, కరువుకు చెట్టు ఎండితే నష్టం ఎవరిది అని చూడండి. మా ఇళ్లలో మొదట డిగ్రీ చదివింది మేమే. అలాంటి కాగితం వస్తే అమ్మానాన్నలు వేలిముద్ర వేసే ముందు మనకే చూపిస్తారు.