గ్రంథి ఒకచోట, గడ్డ మరొకచోట

వైద్య సహాయం అనగానే మనకు ఆపరేషను, మందులు గుర్తుకొస్తాయి. ముక్క పరీక్ష గుర్తుకు రాదు. చికిత్సకు దారి చూపేది మాత్రం అదే.

మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయానికి దిగువన ఉంటుంది. కొందరిలో ఆ కణజాలం కాస్త మూత్రాశయంలోనో మూత్రనాళంలోనో కనబడుతుంది. సాధారణంగా హాని లేదు. బహు అరుదుగా అందులోనే క్యాన్సర్ పుడుతుంది. మూత్రంలో రక్తం పడి, స్కానింగ్‌లో గడ్డ కనబడితే మూత్రాశయ క్యాన్సరే అనుకోవడం సహజం.

అందుకే ముక్క తీసి, పి.ఎస్.ఎ., ఎన్.కె.ఎక్స్. 3.1 అనే ప్రొటీన్లను పట్టి చూపే రంగు పరీక్షలు చేస్తారు. రంగు పట్టితే అవి ప్రోస్టేట్ జాతి కణాలని బలమైన ఆధారం. అంతటితో తేలిపోదు. అసలు గ్రంథిలో పుట్టి ఇక్కడికి పాకిందేమో ఎం.ఆర్.ఐ.తో, అవసరమైతే గ్రంథి ముక్కలతో చూడాలి. అక్కడ ఏమీ లేకపోతేనే దారితప్పిన కణజాలంలో పుట్టిందంటారు.

ఇంత శ్రమ ఎందుకంటారా? మందే మారిపోతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ సాధారణంగా మగ హార్మోనును తగ్గించే చికిత్సకు లొంగుతుంది. మూత్రాశయపు లోపొరలో పుట్టేదానికి ఆ చికిత్స ఇవ్వరు. పొరబడితే మూత్రాశయమే పోవచ్చు.

ముక్కను దాచిన మైనపు దిమ్మలో తగినంత కణజాలం మిగిలి ఉంటే, మళ్లీ కోయకుండానే రంగు పరీక్షలు చేయించవచ్చు. సాయం కోరి వచ్చినవారిని రిపోర్టుతోపాటు ఆ దిమ్మ ఏ ఆసుపత్రిలో ఉందో కూడా మనం అడగాలి.