ఆగస్టు రేటుతో కొట్లాటెందుకు?

జూన్‌లో రాత్రికి 30 పౌండ్లకు దొరికిన పిచ్‌కి ఆగస్టులో 55 అడిగారనుకుందాం. అదే పచ్చిక, అదే కుళాయి, అదే కరెంటు స్తంభం. ఒళ్లు మండుతుందా? మండుతుంది. మండాక ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న.

బ్రిటన్‌లో ఉంటున్న మన కుటుంబాలు కొన్ని కారు వెనక కారవాన్ తగిలించుకునో, మోటర్‌హోమ్ అద్దెకు తీసుకునో సెలవులకు బయల్దేరుతుంటాయి. బండి నిలుపుకోవడానికి సైటువాళ్లు ఇచ్చే జాగానే పిచ్. దాని రేటు కాలాన్ని బట్టి మారుతుంది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోస్తాకు ప్రైవేటు బస్సు టికెట్టు కొన్నవాళ్లకు ఈ తంతు కొత్తేం కాదు. అయినా కొందరు దారి పొడవునా గొణుగుతారు, సైటుకు చేరాక గొణుగుతారు, ఇంటికొచ్చాక వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే పాట. డబ్బు పోయింది ఒక్కసారే, ఏడుపు మాత్రం మూడుసార్లు.

ఈ మంట మన ఒక్కరికే కాదు. 1986లో డానియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అచ్చువేసిన అధ్యయనంలో జనాన్ని ఒక ప్రశ్న అడిగారు. మంచు ఎత్తిపోసే పారలను 15 డాలర్లకు అమ్ముతున్న కొట్టువాడు, పెద్ద మంచు తుపాను పడ్డ మర్నాడు వాటిని 20 చేశాడు. ఇది న్యాయమేనా? నూటికి 82 మంది అన్యాయం అన్నారు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. రేటు పెంచితే జనానికి కోపం వస్తుంది, ఇస్తున్న తగ్గింపు ఆపేస్తే మాత్రం అంతగా రాదు. రెండింటిలోనూ జేబులోంచి పోయేది ఒకటే. అందుకే లోకం తెలిసిన సైటు యజమాని ‘ఆగస్టులో ఎక్కువ’ అని రాయడు, ‘మే, జూన్‌లలో తగ్గింపు’ అని రాస్తాడు. అంటే మీ కోపం, మీ సంతోషం రెండూ ఆ బోర్డు రాసినవాడి చేతిలో ఉన్నాయి. ముందు అక్కడినుంచి వాటిని వెనక్కి తెచ్చుకోవాలి.

యజమాని వైపు కూడా ఒకసారి చూడండి. చలికాలంలో చాలా సైట్లు మూసే ఉంటాయి. ఇంగ్లండ్‌లో బడి పెద్ద సెలవులు జులై చివర మొదలై సెప్టెంబరు మొదట్లో ముగుస్తాయి, సుమారు ఆరు వారాలు. స్నానాల గదుల మరమ్మతులు, జీతాలు, పన్నులు ఏడాదంతా ఉంటాయి కానీ జనం ఒక్కసారిగా మీదపడేది ఆ ఆరు వారాలే. పైగా ఈ రాత్రి ఖాళీగా మిగిలిన పిచ్‌ను రేపు రెండుసార్లు అమ్ముకోవడం కుదరదు. దీన్ని దోపిడీ అనడం నాకు సబబుగా తోచదు. అలాగని అడిగినంతా ఇచ్చేయమనీ అనను. ‘ఎందుకింత పెంచారు?’ అన్న ప్రశ్న పక్కన పెట్టి, ‘ఇందులో నేను వాడుకునేదెంత?’ అని అడగండి. మొదటి ప్రశ్నకు జవాబు దొరికినా మీకు ఒరిగేదేం లేదు. రెండోదానికి దొరికితే ప్రయాణమే మారిపోతుంది.

వెలుతురు సంగతే తీసుకోండి. లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెజిక్‌లో జూన్ మధ్యలో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాటాక గానీ అస్తమించడు. ఆగస్టు ఆఖరుకు ఎనిమిదింటికే చీకటి పడటం మొదలవుతుంది. అంటే తక్కువ రేటుకు సాయంత్రం పూట గంటన్నర వెలుతురు అదనంగా వస్తోంది. ఎక్కువ రేటు కట్టి పొద్దు పోగొట్టుకుంటున్నాం. పశ్చిమ స్కాట్లండ్‌లో అయితే ఎండ ఎక్కువగా కాసేది సాధారణంగా మే నెలలోనే. అక్కడ నడివేసవిలో మిడ్జెస్ అనే బుల్లి కుట్టుడు పురుగులు దండెత్తుతాయి. మే నెలలో వాటి బెడద ఇంకా ముదరదు. రేటు పట్టికలో ఇవేవీ రాయరు. ఆగస్టులో మీరు కట్టే అదనపు పౌండ్లు వాతావరణానికి కాదు, బడి క్యాలెండరుకు.

ఇక్కడ పిల్లలున్నవాళ్లు ‘మాకా వెసులుబాటు ఎక్కడిది?’ అంటారు. న్యాయమైన మాటే. కొందరు ‘బడి మానిపించి జరిమానా కట్టినా జూన్‌లో వెళ్లడమే చవక’ అని లెక్క చెబుతారు. విమానమెక్కి ఎక్కడికో పోయేవాళ్లకు ఆ లెక్క కుదురుతుందేమో గానీ కారవాన్‌కు కుదరదు. 2024 ఆగస్టు నుంచి ఇంగ్లండ్‌లో అనుమతి లేకుండా అయిదు రోజులు బడి మానిపిస్తే ఒక్కో బిడ్డకు, తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్ల జరిమానా పడొచ్చు. 21 రోజుల్లో కట్టకపోతే అది 160. ఇద్దరు పిల్లలుంటే తక్కువలో తక్కువ 320 పౌండ్లు. పైన అనుకున్న రేట్ల ప్రకారం ఏడు రాత్రులకు మిగిలేది 175. లాభం ఎక్కడ? ఇలాంటి జరిమానా మీద ఐల్ ఆఫ్ వైట్‌కు చెందిన ఒక తండ్రి సుప్రీంకోర్టు దాకా వచ్చిన కేసులో 2017లో ఓడిపోయాడు. ఆ దారి వదిలేయండి.

వేరే దారి ఉంది. ఉపాధ్యాయుల శిక్షణ కోసం ఇంగ్లండ్ బడులు ఏడాదికి అయిదు రోజులు పిల్లలను రావద్దంటాయి. ఇన్‌సెట్ డే అంటారు. ఏ బడి రోజులు ఆ బడివే కాబట్టి సైట్లు వాటికి రేటు పెంచలేవు. శుక్రవారమో సోమవారమో ఇన్‌సెట్ పడితే మూడు రాత్రుల ప్రయాణం మామూలు రేటుకే అయిపోతుంది. బడివాళ్లు ఏడాది మొదట్లోనే ఇచ్చే తేదీల కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి మరిచిపోయే ఇళ్లే ఎక్కువ.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. విజిటర్ వీసా మీద ఆరు నెలల దాకా ఉండొచ్చు, చాలామంది చలి తగ్గాక మే నెలకు వస్తారు. వాళ్లకు బడి గొడవ లేదు. మీకు నాలుగు రోజులు సెలవు దొరికితే వారం మధ్యలో వాళ్లిద్దరినీ తీసుకెళ్లొచ్చు. అయితే అప్పుడు అన్నిటికంటే చవకైన పిచ్ వెతకడం పొరపాటు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ రాత్రి రెండింటికి లేచి, తడి గడ్డి మీద, టార్చి వెలుగులో, బాత్రూముల దాకా నడవాలి. బాత్రూములకు దగ్గర్లో కంకర పరిచిన పిచ్‌కి రాత్రికి ఆరేడు పౌండ్లు ఎక్కువైనా అది దుబారా కాదు. కంకర పిచ్ వానకూ పనికొస్తుంది. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎక్కువ వాన పడే ఊరు సీత్‌వెయిట్ పైన చెప్పిన లేక్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంది, ఏడాదికి మూడు మీటర్ల పైనే. అక్టోబరులో చవకని గడ్డి పిచ్ తీసుకున్నవాళ్లు, తిరుగు ప్రయాణంలో బండి చక్రం దిగబడితే ట్రాక్టరు కోసం చూడాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

కరెంటు దగ్గర మాత్రం మనవాళ్లు వద్దన్నా ఎక్కువ కడతారు, లేదా అవసరమైన చోట తక్కువ కట్టి తంటాలు పడతారు. సైటులో బండికి కరెంటిచ్చే హుకప్ కొన్నిచోట్ల 16 ఆంపియర్లు, కొన్నిచోట్ల 10. 230 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లంటే సుమారు 3,700 వాట్లు, 10 అంటే 2,300. ఇప్పుడు వంటకు దిగండి. రైస్ కుక్కర్ 700 వాట్లు, పచ్చడికి మిక్సీ 750. ఈ రెండూ కలిసినా 10 ఆంపియర్లు హాయిగా మోస్తుంది. ఇంట్లోంచి తెచ్చిన కెటిల్ ఒక్కటే 3,000. నాన్నగారు కాఫీకని దాన్ని నొక్కగానే టక్‌మని అంతా చీకటి. కొన్ని సైట్లలో కరెంటు మళ్లీ వేసే స్విచ్ ఉన్న పెట్టెకు తాళం ఉంటుంది, రాత్రి పదింటికి వార్డెన్ తలుపు తట్టాలి. అలాంటప్పుడు పెద్ద హుకప్ కోసం రోజూ అదనంగా కట్టడం కన్నా, వెయ్యి వాట్ల లోపు చిన్న ట్రావెల్ కెటిల్ ఒక్కసారి కొనుక్కోవడం మేలు. చలికాలంలో హీటరు పెట్టేవాళ్లయితే మాత్రం 16 తీసుకోండి, అక్కడ పిసినారితనం పనికిరాదు.

అసలు ఈత కొలను, పిల్లల ఆటస్థలం, బార్ ఉన్న సైటే కావాలా? పగలంతా కొండల మీద తిరిగి రాత్రికి పడుకోవడానికే వచ్చేవాళ్లకు అవన్నీ వట్టి ఖర్చు. బ్రిటన్‌లో అయిదు బండ్లకు మించకుండా నడిచే చిన్న సైట్లున్నాయి, ఎక్కువగా రైతుల పొలాల్లో. 1960 నాటి కారవాన్ సైట్ల చట్టం గుర్తింపు ఉన్న క్లబ్బులకు ఈ వీలు కల్పించింది. 1907లో మొదలైన కారవాన్ క్లబ్, ఇప్పటి కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్, తన సభ్యుల కోసం ఇలాంటివి నడిపిస్తోంది. కుళాయి, మరుగుదొడ్డి డబ్బా ఖాళీ చేసుకునే చోటు తప్ప కొన్నిచోట్ల ఇంకేమీ ఉండవు. చాలా వాటిలో రేటు ఏడాది పొడవునా పెద్దగా మారదు. సభ్యత్వ రుసుమును మీరు ఏడాదిలో గడపబోయే రాత్రులతో భాగించి చూస్తే చేరాలో లేదో తేలిపోతుంది.

పైకి కనిపించే రేటును నమ్మకండి. అది ఇద్దరు పెద్దవాళ్లకే కావచ్చు. పిల్లలకు, అత్తగారికి, టెంటులా బయటికి వేసే ఆనింగ్‌కు, రెండో కారుకు, ఆలస్యంగా ఖాళీ చేస్తే దానికి వేరే. బ్యాంక్ హాలిడే వారాంతాల్లో కొన్నిచోట్ల మూడు రాత్రులు తప్పనిసరి అంటారు. చివరి మొత్తం చూశాకే రెండు సైట్లను పోల్చండి.

సీజన్ మొత్తానికి ఒకేసారి కట్టి కారవాన్‌ను అక్కడే వదిలేసే పద్ధతీ ఉంది. 2,000 పౌండ్లు కట్టి 20 రాత్రులు గడిపితే రాత్రికి 100 పడింది. 60 రాత్రులైతే 33. ‘వీలున్నప్పుడల్లా వస్తాం’ అన్న ఉత్సాహం మీద కాకుండా పోయిన ఏడాది నిజంగా ఎన్ని వారాంతాలు బయట గడిపారో, దాని మీద లెక్క వేయండి. కట్టాక ఇంకో చిక్కు మొదలవుతుంది. 1985లో హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు ఒక ఊహా ప్రశ్న వేశారు. 100 డాలర్లు పెట్టి ఒక స్కీయింగ్ యాత్రకు, 50 పెట్టి ఇంకోదానికి టికెట్లు కొన్నారు. 50 డాలర్లదే ఎక్కువ సరదాగా ఉంటుందని మీకు తెలుసు. చూస్తే రెండూ ఒకే వారాంతంలో పడ్డాయి. దేనికి వెళ్తారు? సగానికి పైగా 100 డాలర్లదానికే మొగ్గారు. సీజన్ పిచ్ కట్టినవాళ్లు వానలో, విసుగులో, పిల్లలు వద్దంటున్నా అదే సైటుకు వెళ్లడం వెనక ఉన్నదిదే. కట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. ఈ శనివారం ఎక్కడ బాగుంటుందన్న ఒక్కటే ఆలోచించండి. ఇక కదలని స్టాటిక్ కారవాన్ కొనమని ఎవరైనా ఊరిస్తే, సైటుకు ఏటా కట్టాల్సిన రుసుమెంత, బండిని ఎన్నేళ్ల వరకు ఉంచనిస్తారు, అమ్మితే సైటువాళ్లు తీసుకునే కమిషనెంత అన్న మూడూ కాగితం మీద రాయించుకునే దాకా సంతకం పెట్టకండి. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నమాట దీనికి అతికినట్టు సరిపోతుంది.

2027లో ఈస్టర్ మార్చి 28నే వస్తోంది. ఇంకా చలి వదలని ఆ వారాంతానికి పండగ రేటు కట్టబోయే ముందు, అదే సైటులో మే రెండోవారానికి ఎంతుందో ఒక్కసారి చూసి, అప్పుడు బుక్ చేయండి.