బాలచంద్రుని బొంగరం

పల్నాటి యుద్ధానికి బీజం కోడిపందెం. పందెంలో ఓడి మాచర్ల విడిచిన మలిదేవాదులు త్రిపురాంతకం సమీపాన గల మేడపిలో తలదాచుకొన్నారని కథ చెబుతుంది. శ్రీనాథుని రచనగా ప్రసిద్ధమైన ‘పల్నాటి వీరచరిత్ర’ అనే ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించారు.

ఈ కావ్యంలోని బాలచంద్రుడు దోషరహితుడు కాడు. భార్య మాంచాలను విస్మరించి శ్యామాంగి ఇంట కాలం గడిపాడు. ఒకనాడు ఆటలో అతని బొంగరం ఒక స్త్రీకి తగిలి గాయపరచింది. పెద్దలు రణరంగానికి తరలిపోగా నీకు ఆటలేమిటని ఆమె నిందించింది. ఆ మాటకు రోషించి, తల్లి ఐతాంబ వారించినా యుద్ధానికి బయలుదేరాడు. సోదరతుల్యుడైన అనపోతును బ్రతికించదలచి, దారిలో ఒక సాకుతో వెనుకకు పంపాడు. మోసాన్ని గ్రహించిన అనపోతు ప్రాణత్యాగం చేశాడు. కారంపూడిలో సంధి మాటలను త్రోసిపుచ్చి, బాలచంద్రుడు పోరాడి నేలకొరిగాడు.

కవి ఈ దోషాలను మరుగుపరచలేదు. అందువల్లనే బాలచంద్రుని శౌర్యంతోపాటు, అతని తొందరపాటుకు ఇతరులు చెల్లించిన మూల్యం కూడ పాఠకునికి కనబడుతుంది. వీరుని మెచ్చుకొనుటకు అతని తప్పులను మరువనక్కరలేదు.

ప్రశ్న: అనపోతు పట్ల బాలచంద్రుని ప్రవర్తన స్నేహమా, వంచనా? సమర్థించండి.