నస్పూర్‌లో 75 లీటర్ల సముద్రం

మన క్లబ్ మ్యాగజైన్‌లో కవితలు, కథలు బాగానే వస్తున్నాయి. నాకు రెండూ రావు కాబట్టి ఒక పాఠం రాస్తున్నాను. ముందే చెప్తున్నా, నాది మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియం. సెలైనిటీని లవణీయత అంటారని డిక్షనరీ చూసి తెలుసుకున్నాను, కానీ అలా రాస్తే మళ్లీ చదివినప్పుడు నాకే అర్థం కాలేదు. అందుకే షాపులో, ఇంట్లో ఏ మాట వాడతామో అదే వాడుతున్నాను. తెలుగు సీనియర్లు క్షమించాలి.

మాది నస్పూర్, సింగరేణి క్వార్టర్స్. బాపు బాయిలో పని చేస్తాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటాం, నీళ్ల బావి అనుకోకండి. ఆ క్వార్టర్ ముందు గదిలో 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 15 ఎత్తు ఉన్న గ్లాస్ ట్యాంక్ ఉంది. అందులో ఉప్పునీళ్లు, రెండు క్లౌన్‌ఫిష్, కొన్ని సాఫ్ట్ కోరల్స్. ఇంటర్ అయిపోయిన సెలవుల్లో మొదలుపెట్టాను. లెక్క ప్రకారం ట్యాంక్ 88 లీటర్లు, రాళ్లూ పైన వదిలిన ఖాళీ తీసేస్తే 75 లీటర్ల నీళ్లు. రీఫ్ వాళ్ల భాషలో ఇది చాలా చిన్నది. చిన్నది సులువు అనుకుంటారు, నిజం ఉల్టా. నీళ్లు తక్కువైతే ఏ మార్పైనా తొందరగా వస్తుంది. ఇక్కడ ఎర్రర్ మెసేజ్ రాదు, ప్రాణి చచ్చిపోతుంది.

ముందు అసలు కోరల్ అంటే ఏంటో చూద్దాం. తెలుగులో అన్నిటికీ పగడమే అంటాం. నాయినమ్మల ఉంగరాల్లో ఉండే ఎర్ర పగడం లోతు నీళ్లలో, వెలుతురు తక్కువున్న చోట పెరిగే వేరే జాతి. రీఫ్ కట్టే కోరల్ అది కాదు. ఇది చెట్టు కాదు, రాయి కాదు, జంతువు. ఒక్కో పాలిప్‌కి ఒక నోరు, దాని చుట్టూ చిన్న చిన్న చేతులు. దాని కణాల లోపల ఒక రకం ఆల్గే కాపురం ఉంటుంది. ఆ ఆల్గే వెలుతురుతో వంట చేసి, చేసిన దాంట్లో ఎక్కువ భాగం ఇంటి ఓనర్‌కి ఇస్తుంది. ఓనర్ దానికి చోటు, తన వ్యర్థాల్లోని నైట్రోజన్ ఇస్తుంది. వేడి ఎక్కువైతే ఈ ఒప్పందం చెడిపోయి ఆల్గే బయటికి పోతుంది. రంగులో ఎక్కువ భాగం దానిదే కాబట్టి కోరల్ తెల్లగా అవుతుంది. బ్లీచింగ్ అంటే ఇదే. తెల్లబడ్డ వెంటనే చచ్చిపోదు, ఆకలితో ఉంటుంది. వేడి తొందరగా తగ్గితే మళ్లీ కోలుకోవచ్చు.

అంటే కోరల్‌కి కావాల్సింది వెలుతురు, వెలుతురు దిగాలంటే తేట నీళ్లు. మన దేశంలో పెద్ద రీఫ్‌లు గల్ఫ్ ఆఫ్ కచ్, గల్ఫ్ ఆఫ్ మన్నార్ – పాక్ బే, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో ఉన్నాయి. ఇంత పొడవు తీరం ఉన్న ఆంధ్రలో అలాంటి పెద్ద రీఫ్ లేదు. ఒక ముఖ్య కారణం మా ఊరి పక్కనుంచే పోతుంది. గోదావరి, కృష్ణ మోసుకుపోయే మట్టి, మంచినీళ్లు తీరం పొడుగునా కలుస్తాయి. వానాకాలం మంచిర్యాల దగ్గర గోదావరి రంగు చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చట్టం. దీన్ని చాలామంది షాపువాళ్లు చెప్పరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో మొదటి షెడ్యూల్ అంటే పులి ఉండే షెడ్యూల్. 2001లో రీఫ్ కట్టే గట్టి కోరల్స్, సీ ఫ్యాన్‌లు, సముద్ర గుర్రాలు కూడా అందులోకి వచ్చాయి. మన సముద్రం నుంచి తీసిన గట్టి కోరల్‌ని, చచ్చిపోయిన తెల్ల ముక్కనైనా సరే, కొనడం నేరం. ఫారిన్ నుంచి తెచ్చిందైతే సైటీస్ కాగితాలు ఉండాలి. కాబట్టి విదేశీ వీడియోల్లో చెప్పే "లైవ్ రాక్ వేయండి" అనే మొదటి స్టెప్ మనకి పనిచేయదు. చిన్న రంధ్రాలున్న సిరామిక్ రాక్ వాడాలి. బిల్లు ఇవ్వని చోట కోరల్ కొనొద్దు.

రాయి సంగతి వచ్చింది కాబట్టి ఇసుక కూడా చెప్పేస్తాను. బాపు మొదటి రోజే అన్నాడు, "ఇసుక గురించి రంది పడకురా, గోదావరి పక్కనే ఉన్నం కదా" అని. బాయిల్లో బొగ్గు తీసిన ఖాళీల్లో నీళ్లతో కలిపి నది ఇసుక నింపేవాళ్లు, ఆయనకి దాని మీద నమ్మకం. కానీ నది ఇసుక ఎక్కువగా క్వార్ట్జ్. రీఫ్‌కి వాడేది అరగొనైట్, అంటే కాల్షియం కార్బనేట్. తేడా తెలుసుకోవడానికి ల్యాబ్ అవసరం లేదు. వెనిగర్ పోస్తే అరగొనైట్ బుసబుస పొంగుతుంది, నది ఇసుక కదలదు. క్వార్ట్జ్ విషం కాదు, కానీ పీహెచ్ పడిపోయినప్పుడు అది ఏ సాయం చేయదు. దాంతో వచ్చే ఒండ్రు మట్టి అదనం.

నీళ్లు. బోరు నీళ్లు వద్దు, మా దగ్గర టీడీఎస్ మీటర్ కొన్ని వందలు చూపిస్తుంది. తాగే ఆర్ఓ నీళ్లు కూడా నేరుగా వద్దు, ఎందుకంటే చాలా మెషిన్లలో రుచి కోసం చివర్లో మినరల్ కాట్రిడ్జ్ పెడతారు. మెంబ్రేన్ తర్వాత పైపుని పక్కకి తీసి, దానికి ఒక డీఐ రెజిన్ డబ్బా తగిలిస్తే మీటర్ సున్నా చూపిస్తుంది. సున్నా వచ్చాకే ఉప్పు. వంటింటి ఉప్పు కాదు. అది ఉత్త సోడియం క్లోరైడ్. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400 పైన కాల్షియం, ఇంకా పొటాషియం, సల్ఫేట్, బైకార్బనేట్ ఉంటాయి. రీఫ్ సాల్ట్ అని అమ్మే మిక్స్‌లో ఇవన్నీ లెక్క ప్రకారం కలిపి ఉంటాయి. లీటరుకి దాదాపు 37 గ్రాములు, అంటే నా ట్యాంక్ మొదటిసారి నింపడానికి 2.8 కిలోలు. విడిగా బకెట్‌లో చిన్న పంపు పెట్టి ఒక రోజు తిప్పి, రిఫ్రాక్టోమీటర్‌తో చూసి, 35 పీపీటీ వచ్చాక పోయాలి. ప్రాణులున్న ట్యాంక్‌లో పొడి ఉప్పు ఎప్పుడూ వేయకూడదు.

తర్వాత అందరికీ ఓపిక అయిపోయే భాగం, సైక్లింగ్. చేప ఉచ్చ, మిగిలిన మేత అన్నీ అమ్మోనియా అవుతాయి. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది కొంచెం ఉంటే పర్లేదు. సముద్రపు నీళ్ల పీహెచ్ ఎక్కువ కాబట్టి అక్కడ అమ్మోనియా మంచినీళ్లలో కంటే ఇంకా ప్రమాదం. కొత్త ట్యాంక్‌లో ఈ బ్యాక్టీరియా ఉండదు. చేపలు లేకుండానే కొలిచి అమ్మోనియా వేస్తూ, 4 నుంచి 6 వారాలు ఖాళీ ట్యాంక్‌ని చూస్తూ కూర్చోవాలి. 2 పీపీఎం వేస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యాయంటే రెడీ. మా క్వార్టర్స్‌లో అందరూ వచ్చి "చేపలేవిరా?" అని అడిగి పోయేవాళ్లు. నీళ్లు తిరుగుతుంటే, రాళ్లు ఉంటే, చేప మాత్రం లేకపోతే మనుషులకి చాలా అనుమానం వస్తుంది.

నైట్రేట్‌ని తీయడానికి వారానికి 10 శాతం నీళ్లు మార్చాలి. ఇందులో మన సీఎస్ వాళ్లకి నచ్చే లెక్క ఉంది. వారానికి ట్యాంక్‌లో 2 పీపీఎం నైట్రేట్ పెరుగుతుందనుకోండి. ప్రతిసారీ పదో వంతు తీసేస్తున్నాం. అది ఎక్కడ ఆగుతుంది? పెరిగింది, తీసింది సమానం అయ్యే చోట, అంటే 20 పీపీఎం దగ్గర. పదో వంతు మారుస్తూ 20 కంటే తగ్గాలంటే సులువైన దారి, మేత తగ్గించడం. నీళ్లు మార్చడం లూప్‌ని ఆపదు, ఎక్కడ స్థిరపడాలో నిర్ణయిస్తుంది.

ఇక మా ఊరి అసలు సమస్య, ఎండాకాలం. ట్యాంక్ 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. నస్పూర్‌లో మే నెలలో 45. "మనకే కూలర్ సాలుత లేదు, వీటికి యాడికెల్లి తెస్తవ్?" అన్నాడు బాపు. చిల్లర్ ధర నా బడ్జెట్‌కి అందదు. కానీ రంజన్‌లో నీళ్లు చల్లబడే పద్ధతే ఇక్కడా ఉంది. నీళ్ల పైభాగం మీదికి రెండు చిన్న కంప్యూటర్ ఫ్యాన్లు పెట్టాను. 1 లీటరు నీళ్లు ఆవిరి కావడానికి సుమారు 2400 కిలోజౌళ్లు కావాలి. 75 లీటర్లని 1 డిగ్రీ తగ్గించడానికి తీయాల్సింది దాదాపు 300. అంటే ఒక్క లీటరు ఆవిరి 8 డిగ్రీలంత వేడిని తీసుకుపోతుంది. బయటి నుంచి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి అంత తగ్గదనుకోండి, గదిలో కూలర్‌తో కలిపితే మాత్రం నెట్టుకురావచ్చు. ఇంకో విషయం, మే నెల పొడి ఎండలో ఫ్యాన్ బాగా పనిచేస్తుంది. వానలు మొదలై గాలిలో తేమ నిండాక బయట వేడి తగ్గినా ఫ్యాన్‌కి పవర్ ఉండదు. నాకు జూన్ నెలే ఎక్కువ టెన్షన్.

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. రోజుకి 2 లీటర్లు పోతే మూడు రోజుల్లో 75 కాస్తా 69 అవుతుంది, 35 పీపీటీ 38 అవుతుంది. అందుకే రోజూ టాప్ అప్ చేయాలి, ఉప్పు లేని ఆర్ఓ నీళ్లతోనే. గ్లాస్ మీద మార్కర్‌తో గీత గీసి ఉంచితే ఇంట్లో ఎవరైనా పోయగలరు.

కరెంట్ పోతే ముందు అయిపోయేది ఆక్సిజన్. వేడి నీళ్లలో, ఉప్పు నీళ్లలో అది తక్కువగా కరుగుతుంది, మనవి రెండూ. ఇన్వర్టర్‌కి లైట్ కలపకండి. నీళ్లు తిప్పే చిన్న పంపు, ఫ్యాన్లు కలపండి. కోరల్ ఒక రోజు చీకట్లో ఉండగలదు, ఊపిరి లేకుండా ఉండలేదు. ఇది బాపుకి నాకంటే ముందే అర్థమైంది. బాయిలో కూడా పైన ఫ్యాన్ ఆగిందంటే లోపల ఉండనివ్వరు.

ప్రాణుల విషయానికి వస్తే, తక్కువ వేయడమే తెలివి. మొదట నత్తలు, తర్వాత రెండు క్లౌన్‌ఫిష్. వాటిని సముద్రంలో పట్టినవి కాకుండా హ్యాచరీలో పుట్టినవి అడగండి. మన సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు క్లౌన్‌ఫిష్‌ని ట్యాంకుల్లో పెంచే పద్ధతి ఎప్పుడో తయారు చేశారు, కాబట్టి రీఫ్ నుంచి లాక్కొచ్చినవి కొనాల్సిన పనిలేదు. ఇవన్నీ మగవిగానే మొదలవుతాయి, జంటలో పెద్దది ఆడది అవుతుంది. మావాటిలో పెద్దది చిన్నదాన్ని రోజంతా తరుముతుంది, అది మామూలే. డోరీ లాంటి నీలం ట్యాంగ్ మాత్రం వద్దు, అది అడుగు దాకా పెరిగే చేప, 2 అడుగుల ట్యాంక్ దానికి జైలు.

కోరల్స్‌లో మష్రూమ్, లెదర్, జోవాంథస్ మొదటివాళ్లకి మంచివి, ఎముక కట్టవు కాబట్టి కాల్షియం లెక్కలు తక్కువ. జోవాంథస్‌తో ఒక జాగ్రత్త. వాటిలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే చాలా తీవ్రమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్లజోడు లేకుండా కోయకండి, అవి అంటుకున్న రాయిని వేడి నీళ్లలో వేయకండి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు. ట్యాంక్ ఉన్న గదిలో దోమల మందు కూడా బంద్. వాటిలో ఉండే పైరెత్రాయిడ్‌లు రొయ్యలకి, చేపలకి విషం. కాపర్ ఉన్న చేపల మందు నత్తల్ని, కోరల్స్‌ని చంపేస్తుంది.

ట్యాంక్ పెట్టాక నేను ఎక్కువగా ఆలోచించింది పీహెచ్ గురించి. చలికాలం తలుపులు మూసి నలుగురం పడుకుంటే గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, అది నీళ్లలో కరిగి తెల్లారేసరికి పీహెచ్ 8.2 నుంచి 7.9కి దిగుతుంది. కిటికీ తెరిస్తే మెల్లగా ఎక్కుతుంది. సముద్రానికి తెరవడానికి కిటికీ లేదు. పరిశ్రమలు రాకముందు సముద్రం పైభాగం సగటు పీహెచ్ సుమారు 8.2, ఇప్పుడు 8.1. చిన్న తేడా అనిపిస్తుంది, కానీ లాగ్ స్కేల్ కదా, హైడ్రోజన్ అయాన్లు నాలుగో వంతు పైన పెరిగినట్టు. దాంతో పాటు వేడి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ ప్రకటించారు. ఈ రెండిటి వెనకా ఉన్న పెద్ద కారణాల్లో బొగ్గు ఒకటి.

ఇది బాపుకి చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించి, ఒక ఆదివారం నీళ్లు మారుస్తుంటే చెప్పాను. ఆయన బకెట్ కింద పెట్టి, "మరి నీ పంపు దేనితోని తిరుగుతున్నదిరా?" అన్నాడు. జైపూర్‌లో సింగరేణిదే 1200 మెగావాట్ల థర్మల్ ప్లాంట్ ఉంది, అటు రామగుండంలో ఎన్టీపీసీ ఉంది. పంపే కాదు, నా ఫీజు కూడా బాయి నుంచే వస్తుంది. నేను ఏమీ అనలేదు. ఆయనే కొంచెం సేపయ్యాక, "తెల్లగైనయి మల్ల బతుకుతయా?" అని అడిగాడు. తొందరగా చల్లబడితే బతుకుతాయి అన్నాను.

ఇప్పుడు నేను హాస్టల్‌లో ఉంటున్నాను కాబట్టి రోజువారీ పని ఆయనదే. నైట్ షిఫ్ట్ అయితే పొద్దున వచ్చాక, ఫస్ట్ షిఫ్ట్ అయితే పోయే ముందు, గీత దాకా నీళ్లు, చిటికెడు మేత, టెంపరేచర్ చూసి నాకు ఫోటో. పండక్కి ఇంటికి పోయినప్పుడు చూస్తే క్యాలెండర్ మీద తారీఖుల పక్కన 26, 27, 26 అని రాసి ఉంది.

మొదలుపెట్టే ముందు మీరు వేసుకోవాల్సిన లెక్క ఇంకొకటి ఉంది. క్లౌన్‌ఫిష్ ట్యాంక్‌లో పదేళ్ల పైనే బతుకుతుంది. మన బీటెక్ నాలుగేళ్లు. మా క్వార్టర్ బాపు రిటైర్ అయ్యేదాకే. ఇల్లు మారాలంటే ట్యాంక్‌ని నీళ్లతో ఎత్తలేరు, గ్లాస్ జాయింట్ ఊడుతుంది. పాత నీళ్లలో సగమైనా మూతలున్న డబ్బాల్లోకి, చేపల్ని, కోరల్స్‌ని వేర్వేరు డబ్బాల్లోకి, రాళ్లు బ్యాక్టీరియా చావకుండా నీళ్లలో ముంచే తీసుకుపోవాలి. పాత ఇసుకని మాత్రం కడగకుండా కొత్త చోట వేయొద్దు. అడుగున చేరిన మురికి ఒక్కసారిగా లేస్తే అమ్మోనియా మళ్లీ మొదటికి వస్తుంది. కొత్త ఇసుక కొనుక్కోవడమే నయం.