నొప్పి మాత్రలతో పుండు... పెరటి మందులు మాన్పుతాయా?

ప్రశ్న: మోకాళ్ల నొప్పికి ఏడాదిగా డైక్లోఫెనాక్ వేసుకుంటున్న మా అత్తగారికి ఎండోస్కోపీలో కడుపులో పుండు బయటపడింది. పచ్చి అరటికాయ పొడి మజ్జిగలో కలిపి తాగితే మానిపోతుందని చుట్టాలు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ మాట గాలి కబురేమీ కాదు. ఆస్పిరిన్‌తో కడుపులో పుండ్లు పడిన ఎలుకలకు ఎండబెట్టిన పచ్చి అరటి పొడి పెడితే అవి మానాయని, ముందే పెడితే అసలు పడలేదని 1984లో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు. అందులో పనిచేసే పదార్థాల్లో ఒకటి ల్యూకోసయనిడిన్ అనే ఫ్లేవనాయిడ్ అని 1999లో తేల్చారు.

కాకపోతే అదంతా ఎలుకల ముచ్చట. మనుషుల్లో ఇలాంటి పుండును ఈ పొడి ఒక్కటే మాన్పుతుందనడానికి గట్టి ఆధారాల్లేవు.

కడుపు గోడను దాని ఆమ్లం నుంచే కాపాడే జిగురు పొరకు ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. ఆస్పిరిన్ రకం మందులు వాటి తయారీని అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ నిరూపించారు. ఆ పని రక్తం ద్వారా కూడా జరుగుతుంది కాబట్టి, మాత్ర మానేసి సూది వేయించుకున్నా ముప్పు తప్పదు. అదే కోవకు చెందిన డైక్లోఫెనాక్ ఆపి నొప్పికి వేరే దారి చూడమని డాక్టర్‌ను అడగాలి. పాంటాప్రజోల్ లాంటి మందు సాధారణంగా ఎనిమిది వారాలు వాడాల్సి ఉంటుంది. హెలికోబాక్టర్ పైలోరి పరీక్ష కూడా అవసరం. అరటికాయ కూర మాత్రం నిక్షేపంగా తినవచ్చు.

ప్రశ్న: అతిమధురం చూర్ణం అల్సర్‌కు మంచిదంటారు. బీపీ ఉన్నవాళ్లు రోజూ వాడవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. అతిమధురంలోని పదార్థం నుంచి తయారైన కార్బెనాక్సలోన్‌ను ఒకప్పుడు బ్రిటన్‌లో డాక్టర్లే అల్సర్‌కు రాసేవారు. 1962లో రిచర్డ్ డాల్ బృందం రోగులపై పరీక్షించి, కడుపులోని పుండ్లపై అది పనిచేస్తుందని చెప్పింది. ఇబ్బందల్లా, ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోయి కాళ్లు వాచేవి, బీపీ పెరిగేది, పొటాషియం పడిపోయేది. అంతకన్నా మేలైన మందులు రావడంతో అది వెనకబడింది.

చూర్ణంలోని గ్లిసరైజిన్‌కూ అదే గుణం ఉంది. దాన్ని తొలగించి అమ్మే డీజీఎల్ రకంతో ఈ బెడద తక్కువే అయినా, డాక్టర్ వేసుకోమన్న మందుకు అది బదులు కాదు.

ప్రశ్న: స్టెంట్ వేయించుకున్న మా నాన్నగారికి ఆస్పిరిన్‌తో కడుపులో మంట. అది మానేసి పసుపు క్యాప్సూళ్లు వాడతానంటున్నారు.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఆయన్ని ఆపండి. డాక్టర్‌ను అడగకుండా ఆస్పిరిన్ మానేస్తే స్టెంట్ మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. కూరలో వేసే చిటికెడు పసుపుతో చిక్కు లేదు. క్యాప్సూల్ సంగతి వేరు: కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదని చాలా కంపెనీలు మిరియాల్లోని పైపరిన్ కలుపుతాయి. అలాంటివి వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలున్నాయి. ఆస్పిరిన్‌తో కలిస్తే రక్తస్రావం పెరిగే అవకాశమూ ఉంది. మంట సంగతి గుండె డాక్టర్‌కు చెబితే, ఆస్పిరిన్‌తో పాటే కడుపును కాపాడే మాత్ర రాస్తారు.

ఈ ముగ్గురి ఇళ్లలోనూ ఒక జాగ్రత్త తప్పనిసరి. విరేచనం తారులా నల్లగా అయినా, కాఫీ పొడి రంగులో వాంతి అయినా, కళ్లు తిరిగి పడిపోయినా ఏ పొడీ కలపకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.