కార్మిక సంఘం - సభ్యత్వం ఎవరి ఇష్టం?



మేము ఈ హాస్టల్లోనే ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు చదివి, ఇప్పుడు ఎం.ఏ. అర్థశాస్త్రం చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. మా నాన్న ముఠా కార్మికుడు. అమ్మ కాంట్రాక్టు పద్ధతిలో వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు. మా ట్రంకు పెట్టెలో రేషన్ కార్డు పక్కనే నాన్న సంఘం కార్డు భద్రంగా ఉంటుంది. అమ్మ మాత్రం సంఘం పేరెత్తితే చాలు, తలుపు వేసి రమ్మనేది. సంఘంలో చేరిన వాళ్ల పేర్లు మరుసటి నెల మస్టరులో ఉండవని కాంట్రాక్టరు ముందే చెప్పి పెట్టాడు. ఒకే ఇంట్లో ఒకరికి సంఘం అండ, ఇంకొకరికి సంఘం భయం. ఇలా ఎందుకు జరుగుతుంది అన్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

సంఘం ఎందుకు పుట్టింది?

ఒక్క కూలి మనిషి వెళ్లి కూలి పెంచమని అడిగితే యజమాని ఇంకొకరిని పెట్టుకుంటాడు. అందరూ కలిసి అడిగితే కూర్చోబెట్టి మాట్లాడక తప్పదు. దీన్నే సమష్టి బేరసారం అంటారు. కార్మిక సంఘం చేసే ముఖ్యమైన పని ఇదే.

మన దేశంలో పద్ధతిగా ఏర్పడిన తొలి సంఘాల్లో ఒకటి 1918లో బి.పి.వాడియా అధ్యక్షతన వచ్చిన మద్రాసు లేబర్ యూనియన్. బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లుల కార్మికులు దానికి బలం. మిల్లు యజమానులు కోర్టుకు వెళ్లి వాడియాపై నిషేధపు ఉత్తర్వు తెచ్చారు. సంఘం పెట్టడమే నేరమైతే ఎలా అన్న ఆందోళన దేశమంతా లేచింది. 1920లో లాలా లజపతిరాయ్ అధ్యక్షుడిగా ఏ.ఐ.టి.యు.సి. ఏర్పడింది. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణ సంఘాలు పెట్టుకునే హక్కును ప్రాథమిక హక్కుగా చేసింది.

స్వచ్ఛంద సభ్యత్వానికి మూడు ముఖాలు

సభ్యత్వం స్వచ్ఛందం అంటే మనసుకు నచ్చితే చేరడం, నచ్చకపోతే మానడం అని పుస్తకాల్లో ఉంటుంది. మా అనుభవంలో దానికి మూడు ముఖాలున్నాయి.

మొదటిది, చేరకుండా ఉండే స్వేచ్ఛ. సంఘం సభ్యుణ్ణే పనిలో పెట్టుకోవాలన్న నియమాన్ని అమెరికా 1947లోనే నిషేధించింది. సభ్యులు కాని ప్రభుత్వ ఉద్యోగుల నుంచి సంఘం బలవంతంగా రుసుము తీసుకోకూడదని 2018లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన దేశంలోనూ చేరమని బలవంతం చేసే చట్టం లేదు. కాని చట్టం వేరు, బజారు వేరు. "ఇష్టమా అని నన్నెవరూ అడగలేదురా. కార్డు లేకపోతే బస్తా ముట్టనివ్వరు" అన్నారు నాన్న. నడుం పట్టేసి ఆయన మంచాన పడ్డ రోజుల్లో జట్టు తన కూలిలోంచి ఆయనకు వాటా పంపింది. అదే జట్టులో చోటు కోసం మా వీధిలో ఒకాయన ఏళ్ల తరబడి ఎదురు చూశాడు. ఈ రెండూ నిజమే. అందరినీ కలిపే తలుపు కొందరి ముందు మూసుకుంటుంది కూడా.

రెండోది, భయం లేకుండా చేరే స్వేచ్ఛ. మా అమ్మకు లేనిది ఇదే. సంఘంలో చేరినందుకు కార్మికుణ్ణి తొలగించడం, బెదిరించడం అనుచిత కార్మిక పద్ధతి అని చట్టం ఏనాడో చెప్పింది. కాని కాంట్రాక్టు కార్మికుణ్ణి తొలగించనక్కర లేదు, మళ్లీ పిలవకపోతే చాలు. సంఘ స్వేచ్ఛకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒప్పందాలను మన దేశం ఇంతవరకు ఆమోదించలేదు.

మూడోది, చేర్చుకోబడే హక్కు. ఇది మన బిడ్డలు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత విభాగంలో కూలి ఎక్కువ. అక్కడ తెగిన దారాన్ని నోటితో పీల్చి నాడెలోకి ఎక్కించాలి. ఎంగిలి, అంటు పేరుతో దళిత కార్మికులను ఆ విభాగంలోకి రానిచ్చేవారు కాదు. తోటి కార్మికులే అడ్డుకునేవారు. 1928 సమ్మెలో డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ దీన్ని కూడా కోర్కెల్లో చేర్చాలని సమ్మె నాయకులను గట్టిగా అడిగారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల మహాసభలో బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం ఈ రెండూ కార్మికుల శత్రువులని చెప్పారు. ఆయన సంఘాలకు వ్యతిరేకి కాదు. 1938లో బొంబాయి పారిశ్రామిక వివాదాల బిల్లు సమ్మె హక్కును దెబ్బ తీస్తుందని దాన్ని ఎదిరించారు. వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా 1943లో యజమానులు సంఘాలను గుర్తించి తీరాలన్న బిల్లు తెచ్చారు. ఆ ప్రయత్నం 1947లో చట్టమైనా అమల్లోకి రాలేదు.

ఓటుతో గుర్తింపు: సింగరేణి

ఒకే చోట పది సంఘాలుంటే యాజమాన్యం ఎవరితో మాట్లాడాలి? దీనికి మన తెలుగు నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. సింగరేణి బొగ్గు గనుల్లో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటింగుతో ఎన్నుకుంటున్నారు. 2017లో టి.బి.జి.కె.ఎస్. గెలిచింది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో ఏ.ఐ.టి.యు.సి. గెలిచింది. సభ్యత్వం ఏ సంఘంలో ఉన్నా ఓటు ఎవరికైనా వేయవచ్చు. మేస్త్రీ చూడడు, నాయకుడు చూడడు. స్వచ్ఛందం అన్న మాటకు ఇంతకంటే మంచి అర్థం మాకు కనిపించలేదు. అయితే అదే గనుల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు ఈ ఓటు లేదు.

నేటి చట్టం

2025 నవంబరు 21 నుంచి 1926 నాటి చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. ఇందులో గుర్తుంచుకోవలసినవి:

1. సంఘం రిజిస్ట్రేషన్‌కు కార్మికుల్లో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంత మంది సభ్యులుండాలి. ఏ పరిస్థితిలోనూ 7 గురికి తగ్గకూడదు.
2. పలు సంఘాలున్న చోట 51 శాతం కార్మికుల మద్దతున్న సంఘమే యాజమాన్యంతో చర్చలు జరుపుతుంది. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి ఒకరు చొప్పున ప్రతినిధులతో మండలి ఏర్పడుతుంది.
3. సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది ఒకేసారి సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది.

చర్చలు జరిపే సంఘానికి చట్టంలో చోటు దొరకడం మంచిదే. నోటీసు గడువు సమ్మె బలాన్ని తగ్గిస్తుందని సంఘాలు అంటున్నాయి. మస్టరు లెక్కే ఆధారం కాబట్టి కాంట్రాక్టరు మస్టరులో ఉన్న మా అమ్మ లాంటి వాళ్ల గొంతు, వాళ్లకు పని చెప్పే అసలు యజమాని దాకా చేరడం కష్టమని మా అభిప్రాయం.

సంఘాల లోపాలు

మంచి మాత్రమే రాస్తే పాఠం పూర్తికాదు. పార్టీకొక సంఘం పుట్టి కార్మికులు చీలిపోయారు. కొన్ని చోట్ల చందాకు రశీదు ఉండదు, లెక్క చెప్పరు. ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసే చోట కూడా వేదిక మీద మగవాళ్లే కనిపిస్తారు. మరోవైపు, చందా కట్టకుండా పెరిగిన కూలి మాత్రం తీసుకునే వాళ్లూ ఉన్నారు. వాళ్లను బెదిరించి చేర్చుకుంటే కార్డులు పెరుగుతాయి, సంఘం పెరగదు. లెక్క చూపించి, మాట నిలబెట్టుకుని చేర్చుకుంటే కష్టకాలంలో నిలబడతారు.

ముగింపు

తమ్ముళ్లారా! మీలో రేపు కొందరు ఉద్యోగులవుతారు, కొందరు బండి మీద పార్శిళ్లు అందిస్తారు, కొందరు అధికారులై సంఘం ఇచ్చే వినతిపత్రం అందుకుంటారు. ఎక్కడున్నా మూడు ప్రశ్నలు మరువకండి. ఇక్కడ చేరకుండా ఉండవచ్చా? భయం లేకుండా చేరవచ్చా? అందరినీ చేర్చుకుంటున్నారా? ఈ మూడింటికీ అవును అని జవాబు వచ్చిన చోటే అది నిజమైన సంఘం.

తెల్లవారకముందే లేచి మనకు అన్నం వండిన కుక్‌లు, కమాటీలు, రాత్రంతా మేలుకున్న వాచ్‌మన్ కూడా కార్మికులే. ఈ రోజు సభ ముగిశాక వాళ్లను కాసేపు కూర్చోబెట్టి, జీతం ఎన్నో తారీఖున వస్తుందో అడగండి. కార్మిక శాస్త్రంలో మొదటి పాఠం అక్కడే మొదలవుతుంది. మా అమ్మను మేము ఆ మాట అడగడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మీరు అంత ఆలస్యం చేయకండి.